సాతవాహన నాణేల పెట్టె వచ్చింది, డిజిటల్ లైబ్రరీలో ఎలా ఎక్కించాలి?

గ్రంథాలయం_డెస్క్

అందరికీ నమస్కారం. పాత కరీంనగర్ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. మాకు ఒమేకా ఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే చిన్న డిజిటల్ లైబ్రరీ ఉంది. ఇప్పటిదాకా అందులో పాత పత్రికలు, తాళపత్రాలు, స్థానిక చరిత్ర పుస్తకాల స్కాన్లు పెడుతూ వచ్చాం. ఈమధ్య, ఎప్పుడో రిటైరై కాలం చేసిన ఒక చరిత్ర మాస్టారి పిల్లలు ఆయన దాచుకున్న నాణేల పెట్టె తెచ్చి, ఒక ఉత్తరం రాసి, కాలేజీకి ఇచ్చేశారు. సుమారు నాలుగు వందల నాణేలు ఉంటాయి. ఎక్కువ భాగం సీసం, పోటిన్ (రాగిలో తగరం, సీసం కలిపిన లోహం). కొన్ని రాగివి, గుప్పెడు వెండి విద్ధాంక నాణేలు (ఒక్కో గుర్తూ విడివిడిగా గుద్దిన పంచ్‌మార్క్‌డ్ నాణేలు). రెండు వెండివి మాత్రం రోమన్‌వేమో అనిపిస్తున్నాయి, ఒకవైపు దండ పెట్టుకున్న తల ఉంది.

నాణేలన్నీ చిన్న చిన్న కాగితపు కవర్లలో ఉన్నాయి. కొన్ని కవర్ల మీద మాస్టారి పెన్సిల్ రాత ఉంది: "కోటిలింగాల, రేవు దగ్గర", "పెద్దబంకూరు చేను", "ధూళికట్ట", ఇలా. కొన్నిటి మీద రాజు పేరు కూడా రాశారు. కొన్నిటి మీద ఏమీ లేదు.

పుస్తకాల కేటలాగింగ్ నాకు చేతనైన పనే. ఒక పుస్తకానికి పది కాపీలుంటే ఒకటే రికార్డు పెట్టి కింద పది యాక్సెషన్ నంబర్లు వేస్తాం, అయిపోతుంది. ఇక్కడ ఏనుగు ఒకవైపు, ఉజ్జయిని గుర్తు (నాలుగు కొసల్లో వృత్తాలున్న కూడిక గుర్తు లాంటిది) ఒకవైపు ఉన్నవే వంద దాకా ఉన్నాయి, అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. వీటికి ఒక్కో నాణేనికి ఒక్కో రికార్డు పెట్టాలా, రకానికి ఒకటి పెడితే చాలా? డిజిటల్ లైబ్రరీ రికార్డులకి వాడే డబ్లిన్ కోర్ అనే ప్రామాణిక పట్టికలో ఉన్న 15 గడుల్లో క్రియేటర్ దగ్గర రాజు పేరు వెయ్యొచ్చా? పబ్లిషర్ దగ్గర టంకశాలా? తేదీ ఏం రాయాలి? ప్రిన్సిపాల్ గారు త్వరగా వెబ్‌సైట్‌లో పెట్టమంటున్నారు. తొందరపడి తప్పు రికార్డులు పెడితే తర్వాత ఎవరో వాటినే చూసి రాసేస్తారని నా భయం.

సీసం_కాసులు

మేడమ్, మీ భయం న్యాయమైనదే. ముందు మీ అసలు ప్రశ్నకి జవాబు: రెండూ కావాలి. ప్రతి నాణేనికీ దాని సొంత రికార్డు ఉండాల్సిందే, ఇందులో రాజీ లేదు. పుస్తకం కాపీలు అచ్చు యంత్రం మీద వచ్చినవి, అన్నీ ఒకటే. నాణెం అలా కాదు, ప్రతిదీ చేత్తో కొట్టింది, ప్రతిదాని బరువు వేరు, ప్రతిదాని మీద అక్షరాలు వేరే చోట తెగిపోతాయి. ఒకదాని మీద పోయిన మూడు అక్షరాలు పక్కదాని మీద నిక్షేపంగా ఉంటాయి. ఇలా పది ముక్కలు పక్కపక్కన పెట్టి చూస్తేనే మొత్తం పేరు బయటపడుతుంది. రకానికి ఒకటే రికార్డు పెట్టి "మంచిది ఒకటి ఫొటో తీశాం, మిగతావి 99" అని రాసేస్తే ఆ తొంభై తొమ్మిదిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

1939లో అకోలా జిల్లా తర్హాళలో పోటిన్ నాణేల కుండ ఒకటి దొరికింది, అన్నీ పైకి చూస్తే మీ దగ్గరున్న ఏనుగు నాణేల్లాంటివే. ఒక్కొక్కటీ ఓపిగ్గా చదివితే కుంభ సాతకర్ణి, కర్ణ సాతకర్ణి లాంటి, పురాణాల జాబితాల్లో ఎక్కడా లేని రాజుల పేర్లు వచ్చాయి. అన్నీ ఏనుగులే కదా అని కట్టగట్టి పక్కన పెట్టి ఉంటే ఆ రాజులు చరిత్రలోకి వచ్చేవాళ్లే కాదు.

తర్వాత రకానికి వేరే రికార్డు పెట్టి (ముందు ఏనుగు, వెనక ఉజ్జయిని గుర్తు, పోటిన్) నాణేల రికార్డులన్నిటినీ దానికి లింక్ చెయ్యండి. రకం నంబర్ దగ్గరికొస్తే, సాతవాహనులకి 1908లో రాప్సన్ బ్రిటిష్ మ్యూజియం కోసం చేసిన కేటలాగు నంబర్లే ఇప్పటికీ అందరూ మొదట వాడేవి. కానీ మన తెలంగాణ నాణేల్లో చాలా వాటికి అందులో చోటు లేదు, ఎందుకంటే కోటిలింగాల నాణేలు బయటికొచ్చిందే ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలకి. గోభద, నారన, సమగోప లాంటి పేర్లున్న నాణెం మీ పెట్టెలో కనిపిస్తే దాన్ని బలవంతంగా రాప్సన్ నంబర్‌లో ఇరికించొద్దు, నంబర్ గడి ఖాళీగా వదిలెయ్యండి.

విద్ధాంక నాణేలకి గుప్త, హార్డేకర్ అనే ఇద్దరు చేసిన కేటలాగు నంబర్లు వాడతారు. ఒకవైపు కొట్టిన ఐదు గుర్తులూ ఏవో గుర్తుపడితే నంబర్ దొరుకుతుంది. మూడే కనిపిస్తే మూడే రాయండి. పూర్తి బరువుదైతే 3.4 గ్రాముల దగ్గర ఉంటుంది, మరీ తక్కువ తూగితే బాగా అరిగిందో, అంచు కత్తిరించారో, నకిలీదో చూడాలి.

ఆ రెండు రోమన్ నాణేల వెనక వైపు ఏముందో చెప్పండి. మన దగ్గర దొరికే దీనారియస్‌లలో (రోమన్ వెండి నాణేలు) చాలా మటుకు రెండే రకాలు. వెనక ఇద్దరు కుర్రాళ్లు నిలబడి మధ్యలో డాళ్లు, ఈటెలు ఉంటే అగస్టస్‌ది. కూర్చున్న స్త్రీ, చేతిలో దండం, కొమ్మ ఉంటే టైబీరియస్‌ది. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా వెండి నాణేలు దొరికిన నిధి కూడా ఈ ఇద్దరి కాలానిదే.

డేటా_ఆస్టిన్

పైన సర్ చెప్పింది ఒమేకా ఎస్‌లో చాలా సులువు అండీ. ఒక గడిలో మాటలు రాసే బదులు ఇంకో ఐటెమ్‌కే లింక్ ఇవ్వొచ్చు. కాబట్టి రెండు రిసోర్స్ టెంప్లేట్లు (ఏ గడులుండాలో ముందే పెట్టుకునే నమూనాలు) చేసుకోండి, ఒకటి "నాణెం", ఒకటి "నాణెం రకం". మొదటిదాంట్లో "ఈ రకానికి చెందినది" అని ఒక గడి పెట్టి రెండోదానికి కలపండి. నాలుగు వందలూ ఒక్కొక్కటీ టైప్ చెయ్యక్కర్లేదు, ఎక్సెల్‌లో రాసుకుని సీఎస్‌వీ ఇంపోర్ట్ మాడ్యూల్‌తో ఎక్కించొచ్చు.

డబ్లిన్ కోర్‌ని పారెయ్యకండి, కానీ దాని మీదే ఆధారపడకండి. శీర్షిక, హక్కులు, ఎవరిచ్చారు, ఇలాంటివి అందులో ఉంచండి. క్రియేటర్ గడి ఖాళీగా వదిలెయ్యమని నా సలహా. రాజు నాణెం "సృష్టికర్త" కాదు, పైగా ఆయన ఎవరో చాలాసార్లు ఖాయంగా తెలియదు. నోమిస్మా అని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్లు ముందుండి నడిపే పదకోశం ఉంది, లోహం, టంకశాల, పాలకుడు, బరువు, అచ్చు దిశ (ముందు బొమ్మకి వెనక బొమ్మ ఎటు తిరిగి ఉందో) అన్నిటికీ ఒక్కోదానికి స్థిరమైన లింకు ఉంటుంది. ఒమేకా ఎస్‌లోకి ఆ పదకోశాన్ని ఇంపోర్ట్ చేసుకుని గడులు అక్కడి నుంచే తీసుకోవచ్చు. లాభం ఏంటంటే మీరు తెలుగులో "వెండి" అని చూపించినా, లోపల లింకు అదే కాబట్టి రేపు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం డేటాతో కలిపి వెతికినా మీ నాణెం కనిపిస్తుంది.

రోమన్ వాటికైతే రకం రికార్డు మీరు చెయ్యనే అక్కర్లేదు. ఓక్రే అనే సైట్‌లో రోమన్ చక్రవర్తుల నాణేల రకాలన్నీ నంబర్లతో ఉన్నాయి, అగస్టస్ 207, టైబీరియస్ 30 అని వెతికితే పైన చెప్పిన రెండూ వస్తాయి. ఆ లింకు పెట్టెయ్యండి చాలు.

తేదీ గురించి. రెండు గడులు పెట్టండి. మనుషులు చదివేది ఒకటి: "క్రీ.శ. 1–3 శతాబ్దాలు". కంప్యూటర్ వెతికేది ఇంకొకటి: 0001/0300. క్రీస్తు పూర్వం తేదీల దగ్గర జాగ్రత్త, ఈ పద్ధతిలో సున్నా సంవత్సరం ఉంటుంది కాబట్టి క్రీ.పూ. 2 అంటే -0001 అని రాయాలి. అగస్టస్ 207 రకం క్రీ.పూ. 2 నుంచి క్రీ.శ. 4 వరకు కొట్టింది, అది -0001/0004 అవుతుంది. దీన్ని ఎక్సెల్ తేదీ అనుకుని మార్చెయ్యకుండా ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి.

గ్రంథాలయం_డెస్క్

ఇద్దరికీ చాలా థాంక్స్. రోమన్ వాటిలో ఒకటి ఇద్దరు కుర్రాళ్లు, డాళ్లు ఉన్నదే, ఇంకోటి కూర్చున్న స్త్రీ! రెండూ సరిగ్గా మీరన్నట్టే ఉన్నాయి సర్.

ఇప్పుడు అసలు చిక్కు ఒకటి అడుగుతాను. ఒక ఏనుగు నాణెం కవర్ మీద మాస్టారు "యజ్ఞశ్రీ, పెద్దబంకూరు" అని రాశారు. నేను భూతద్దం పెట్టి చూస్తే ఏనుగు పైన అంచు వెంబడి నాకు కనిపించినవి నాలుగే అక్షరాలు: సి, రి, సా, త. "రి" పక్కనే "సా" ఉంది, మధ్యలో ఖాళీ లేదు. అటూ ఇటూ అంచు అరిగిపోయింది. రాజు గడిలో ఏం వెయ్యాలి? మాస్టారు ఆ విషయంలో పండితుడు, నేను బ్రాహ్మీ ఈమధ్యే నేర్చుకుంటున్నాను.

బ్రాహ్మీ_చదువరి

మీరు చూసింది చాలా ముఖ్యమైన విషయం మేడమ్. యజ్ఞశ్రీ అనే సాతవాహన రాజు నాణేల మీద పేరు ప్రాకృతంలో "సిరి యఞ సాతకణిస" (శ్రీ యజ్ఞ సాతకర్ణిది) అని వస్తుంది. అంటే "సిరి"కీ "సాత"కీ మధ్య "యఞ" అనే రెండు అక్షరాలు ఉండాలి. మీ నాణెం మీద "రి" వెంటనే "సా" వచ్చిందంటే, చదివింది సరైనదైతే, ఇది యజ్ఞశ్రీది కాదు. ఇక మిగిలింది "సిరి సాతకణిస" అనే రాజులు. అక్కడ కథ మళ్లీ మొదలవుతుంది, ఎందుకంటే గోతమిపుతస (గోతమి కొడుకు) సిరి సాతకణిస ఉన్నాడు, వాసిఠిపుతస సిరి సాతకణిస ఉన్నాడు, తల్లి పేరే లేకుండా ఒట్టి రఞో (రాజుది) సిరి సాతకణిస అని కొట్టినవీ ఉన్నాయి. తల్లి పేరు ఉండాల్సిన చోటే మీ నాణెం అరిగిపోయింది. కాబట్టి రాజు గడిలో "సాతకర్ణి (ఏ సాతకర్ణో తేలలేదు)" అని మాత్రమే వెయ్యగలం.

మాస్టారి మాట చెరిపెయ్యకూడదు. ఆయన ఆ రోజు పక్కన వేరే నాణేలు పెట్టుకుని పోల్చి ఉండొచ్చు, ఇంకో నాణెం ఈ కవర్లోకి మారి ఉండొచ్చు, మనకి తెలియదు. అందుకని నేనైతే మూడు గడులు విడివిడిగా పెడతాను. మొదటిది, నాణెం మీద కంటికి కనిపించింది. రెండోది, కవర్ మీద ఉన్న రాత, ఉన్నది ఉన్నట్టు, తప్పులతో సహా. మూడోది, ఈ నాణెం ఎవరిదని ఎవరు ఎప్పుడు ఎందుకు అన్నారో. ఈ మూడోదానికి ఎన్ని వరుసలైనా ఉండనివ్వండి: "మాస్టారు: యజ్ఞశ్రీ (కవర్)", "లైబ్రరీ: సాతకర్ణి, 'సిరి'కి వెంటనే 'సాత' ఉన్నందున". రేపు ఇంకెవరో వచ్చి నాలుగో మాట చెప్తే కింద ఇంకో వరుస చేరుతుంది, పైవి అలాగే ఉంటాయి. చూసినదాన్నీ అనుకున్నదాన్నీ ఒకే గడిలో కలిపేస్తే పదేళ్ల తర్వాత మీరే విడదీయలేరు, ఈ థ్రెడ్‌లో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది పాటించండి.

అక్షరాలు రాసే పద్ధతి: పోయినవి మనం పూరిస్తే చదరపు బ్రాకెట్లలో వెయ్యాలి, ఎన్ని పోయాయో తెలియకపోతే చుక్కలు. మీది "[...] సిరి సాత[కణిస]" అవుతుంది. తెలుగు లిపిలో ఒకసారి, బ్రాహ్మీలో ఒకసారి రాయండి. బ్రాహ్మీ 2010లోనే యూనికోడ్‌లోకి వచ్చింది, నోటో సాన్స్ బ్రాహ్మీ ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, బొమ్మగా పెట్టాల్సిన పని లేదు.

ఒక నాణేనికి ఒకే రాజు అని కూడా టెంప్లేట్‌లో బిగించెయ్యకండి. నాసిక్ దగ్గర జోగల్తెంబిలో 1906లో దొరికిన నిధిలో క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలు 13 వేలకు పైగా ఉన్నాయి, వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర సాతకర్ణి తన గుర్తులు మళ్లీ కొట్టించాడు. అడుగున నహపాణుడి తల, దాని మీదుగా సాతకర్ణి చైత్యం (కొండలా పేర్చిన తోరణాల గుర్తు). ఓడిన రాజు నాణెం కరిగించకుండా దాని మీదే తన ముద్ర వేశాడు. అలాంటి నాణెం మీకొస్తే రాజు గడిలో ఇద్దరు ఉండాలి, అడుగు ముద్ర ఎవరిది, పై ముద్ర ఎవరిది అని తెలిసేలా. తేదీలు కూడా ఇంతే, ఇదే గౌతమీపుత్రుణ్ణి కొందరు 1వ శతాబ్దం రెండో సగంలో పెడతారు, కొందరు 2వ శతాబ్దం మొదట్లో పెడతారు, మీరు ఒక పక్షం తీసుకోవాల్సిన అవసరం లేదు.

లెన్స్_విజయవాడ

డేటా సంగతి అందరూ చెప్పారు, నాణేల సంగతి నేను చెప్తా. పెట్టె చెక్కదా? చెక్కదైతే సీసం నాణేలు ఈరోజే బయటికి తియ్యండి. చెక్క నుంచీ, చవక అట్ట నుంచీ, పాత కాగితం నుంచీ వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా మారిపోతుంది. వెయ్యిన్నర ఏళ్లకు పైగా మట్టిలో నిలిచిన నాణెం బీరువాలో పొడైపోతుంది. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ నాణేల కవర్లలోనూ (ఫ్లిప్పులు) వద్దు, అదీ నాణేన్ని తింటుంది. ఆమ్లం లేని కాగితం, లేదా పాలిథిన్ జిప్ కవర్లు వాడండి, మధ్యలో సిలికా జెల్ పెట్టండి. రాగి వాటి మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే ఊరుకోకుండా వాటిని విడిగా, తేమ లేని డబ్బాలో పెట్టి, మ్యూజియం కన్సర్వేషన్ వాళ్లకి చూపించండి. చింతపండు, నిమ్మకాయ, బ్రాసో ఏవీ తగలనివ్వకండి, ఎవరు చెప్పినా సరే. సీసం ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ తెల్లపొడి విషం, విద్యార్థులతో పని చేయిస్తే ఇది మరీ ముఖ్యం.

పాత కవర్లు మార్చేముందు నాణెం, కవర్ పక్కపక్కన పెట్టి ఒక ఫొటో తీసుకోండి. ఏ నాణెం ఏ కవర్లోదో ఒక్కసారి కలగాపులగమైతే దాని ఊరు పోయినట్టే. కవర్లు కూడా దాచండి, వాటికీ అదే నంబర్ ఇచ్చి. నాణెం మీద మాత్రం నంబర్ రాయకూడదు.

ఫొటోకి ఖరీదైన కెమెరా ఉండాల్సిన పనిలేదు. కెమెరా స్టాండ్‌కి బిగించి నిటారుగా కిందికి పెట్టండి, ముందు వైపు, వెనక వైపు ఒకే ఎత్తు నుంచి, పక్కన మిల్లీమీటర్ స్కేలుతో. లైటు ఎడమ పై మూల నుంచి, బాగా కిందికి వాల్చి పడాలి. సీసం నాణెం మీద అక్షరాలు పైనుంచి సూటిగా వెలుగు పడితే కనిపించనే కనిపించవు, లైటు వాలుగా పడితే ఆ నీడల్లో పైకి లేస్తాయి. మీ "సిరి సాత" నాణేన్ని కదపకుండా లైటు మాత్రం చుట్టూ తిప్పుతూ ఎనిమిదో పదో ఫొటోలు తీసి చూడండి, అరిగిన చోట ఇంకో అక్షరం బయటపడే అవకాశం ఉంది. అసలు ఫైల్ టిఫ్‌లో దాచి, వెబ్‌కి జేపెగ్ పెట్టండి. బరువు 0.01 గ్రాము చూపించే కాటా మీద తూచండి. వ్యాసానికి ప్లాస్టిక్ వెర్నియర్ వాడండి, ఇనుపది సీసాన్ని గీస్తుంది.

ఊరి_చరిత్ర_మంథని

ఒక్క విషయంలో అందరినీ ఆగమంటాను. ఆ "రేవు దగ్గర", "ఫలానా చేను" అన్న మాటలు వెబ్‌సైట్‌లో పెట్టకండి. మా వైపు మెటల్ డిటెక్టర్లు పట్టుకుని రాత్రిపూట దిబ్బలు తవ్వేవాళ్లు ఉన్నారు, ఊళ్లో అడిగితే ఎవరైనా చెప్తారు. చేను పేరుతో సహా పెడితే వాళ్లకి దారి చూపించినట్టే.

బ్రాహ్మీ_చదువరి

దీంతో సగమే ఒప్పుకుంటానండీ. కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట ఇప్పటికే తవ్వకాలు జరిగి, పుస్తకాలకెక్కిన చోట్లు. ఊరి పేరు దాస్తే దొంగలకి నష్టమేమీ లేదు, చదువుకునేవాళ్లకే నష్టం. ఏ రాజు నాణెం ఎక్కడెక్కడ దొరికిందో తెలిస్తేనే కదా ఆయన రాజ్యం ఎంతవరకో తేలేది. కోటిలింగాల నాణేలకి అంత విలువ రావడానికి కారణం అవి అక్కడ దొరకడమే.

ఊరి_చరిత్ర_మంథని

ఊరు పేరు పెట్టండి, కాదనను. చేను, రేవు, సర్వే నంబరు మాత్రం వద్దు. తవ్వకాలు జరగని ఊళ్లు కూడా ఆ కవర్ల మీద ఉంటే వాటికి మండలం చాలు.

ఇంకోటి, కాగితాల పని. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువే. భూమిలో దొరికిన నిధికి 1878 నాటి చట్టం వేరే ఉంది, విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే. మాస్టారికి ఇవి ఎలా వచ్చాయో పిల్లలకి తెలిసినంతవరకు ఇచ్చిన ఉత్తరంలో రాయించుకోండి, రాష్ట్ర హెరిటేజ్ శాఖకి ఒక లేఖ పెట్టండి. కాలేజీ పేరు మీద సైట్‌లోకి ఎక్కకముందే ఇది అయిపోవాలి.

డేటా_ఆస్టిన్

ఒమేకా ఎస్‌లో ఒక్కో గడి విలువని విడిగా ప్రైవేట్ చెయ్యొచ్చు. కవర్ మీది పూర్తి రాత ఒక గడిలో ప్రైవేట్‌గా, ఊరు లేదా మండలం ఇంకో గడిలో పబ్లిక్‌గా పెట్టండి. కవర్ ఫొటో మాత్రం మర్చిపోకండి, అందులో అదే రాత కనిపిస్తుంది, దాన్నీ ప్రైవేట్ చెయ్యాలి. మ్యాప్ పెట్టే పనైతే ఊరి మధ్య బిందువు వాడండి, ఫొటో ఫైళ్లలో ఉండే జీపీఎస్ సమాచారం తీసెయ్యండి.

గ్రంథాలయం_డెస్క్

పెట్టె చెక్కదే. ఈ సాయంత్రమే సీసంవన్నీ కవర్లతో సహా ఫొటో తీసి, జిప్ కవర్లలోకి మార్చడం మొదలుపెట్టాను. పాత కవర్లు వేరే ఫైల్లో పెడుతున్నాను. రెండు టెంప్లేట్లు తయారుచేశాను, రాజు గడి ఎన్నిసార్లైనా వాడుకునేలా ఉంచి, ఎవరన్నారో ఎందుకన్నారో రాసే గడి దాని కిందే పెట్టాను. హెరిటేజ్ శాఖకి లేఖ ప్రిన్సిపాల్ గారి సంతకానికి వెళ్లింది, అది తేలేదాకా ఏదీ పబ్లిక్ చెయ్యనని ఆయనకి చెప్పాను, సరేనన్నారు.

లైటు తిప్పి చూశాను. "సి"కి ముందు ఒక అక్షరం సగం కనిపిస్తోంది, "స" లాగే ఉంది. అంటే "...పుతస సిరి సాత..." అయ్యే వీలుందా?

బ్రాహ్మీ_చదువరి

ఉంది. అది నిజంగా "స" అయితే "రఞో" తర్వాత నేరుగా "సిరి" వచ్చే రకం కాదు, ముందు తల్లి పేరు ఉన్నట్టే. గోతమి పుత్రుడా, వాసిఠి పుత్రుడా అన్నది ఈ నాణెం ఒక్కటే చెప్పలేదు. మిగతా ఏనుగుల్లో ఆ భాగం మిగిలినవి ఉన్నాయేమో వెతకండి. అచ్చు ఒకటే అయితే ఏనుగు తొండం వంపు, అక్షరాల మధ్య దూరం అచ్చం కలుస్తాయి. అలా కలిసేది దొరికితే రెండిటి ఫొటోలూ ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా "[...]స సిరి సాత[కణిస]" అని రాసి, మొదటి "స" కింద చుక్క పెట్టండి, సందేహం ఉందని చూసేవాళ్లకి తెలుస్తుంది.